మంచులో హాజరు

ముందు చోటు చెప్తాను. ఉప్పలగుప్తం దాటి సముద్రం వైపు వెళ్తే మా ఊరి చివర ఉప్పుటేరు ఉంది. ఏటికి ఇవతల గట్టు, గట్టుకి ఇవతల మా రొయ్యల చెరువులు. ఏటికి అవతల మడ చెట్లు. ఇది గుర్తు పెట్టుకోండి.

ముప్ఫై మూడేళ్లు సోషల్ చెప్పేను. యుద్ధాల పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలకి ఒక మాట చెప్పేదాన్ని. సగం యుద్ధం కత్తి దుయ్యకముందే అయిపోతుంది. ఎవరు ఏ దారిన వచ్చేరు, ఏరు ఎప్పుడు దాటేరు, అవతలివాడు నిద్ర లేచేసరికి ఎక్కడ నిలబడి ఉన్నారు, అవన్నీ చూడాలి అనేదాన్ని. ఆ తరవాత పుస్తకంలో లేని మా ఏటి కథ చెప్పేదాన్ని. రాజుల పేర్లు కూడా మిగలనంత పాతకాలంలో ఒక సైన్యం ఈ గట్టున దిగిందట. శత్రువు విడిది అవతల లంకలో. మర్నాటితో గెలుపో ఓటమో తేలిపోవాలి. మంచు చాటున, ఆటు వేళ ఏరు దాటి, వెనకనించి మీద పడాలని వాళ్ల ఎత్తు. దారి చూపిస్తానన్న ఊరివాడు రాలేదు. అయినా దిగేరు. పోటు వచ్చింది. ఒక్కడూ మిగల్లేదు.

అందుకని పుష్యమాసం మంచులో గట్టు మీద ఎవరైనా పిలిస్తే పలకొద్దంటారు. వాళ్లకి దారి తెలిసినవాడు ఇంకా కావాలట. మా మనుషుల సంగతి చూస్తే, ఎవరు ఏం అడిగినా ముందు అవునన్నట్టు 'ఆయ్' అనేస్తాం. నోటికి అలవాటు.

ఈ పుష్యంలో ఒకరోజు తెల్లారి ఆరున్నరకి ఫ్లాస్కులో కాఫీ పోసుకుని గట్టెక్కేను. మా మరిది సత్యం చెరువు దగ్గరున్నాడు. నేను కాపురానికి వచ్చేనాటికి వాడు ఆరో తరగతి, నా క్లాసే, ఇరవై ఒకటో నంబరు. ఇప్పుడు యాభై దాటేయి. మంచులో నా చెయ్యి నాకే కనపడలేదు. నీళ్లు చిలికే ఏరియేటర్ల చప్పుడు పట్టుకుని నడిచేను.

"వదినగారండీ, ఇవాళైనా పంచదార వేసేరా, పాఠమేనా?" అన్నాడు, నా అడుగులు విని.

"నీ షుగరు రిపోర్టు చదివింది నేనే. మాట్లాడకుండా తాగు."

"ఆయ్."

కప్పు వాడి చేతిలో పెట్టేను. అప్పుడే ఏరియేటర్లు ఆగిపోయాయి. అన్నీ ఒక్కసారే.

"కరెంటు పోయిందండీ. జనరేటరు వేసొస్తాను" అన్నాడు గాని కదల్లేదు. నేనూ కదల్లేదు. తడిసిన తోలు వాసన వచ్చింది. ఏనుగు లద్దె, నువ్వులనూనె కాగడాల పొగ. ఉప్పుగాలిలో వాటికేం పని?

తరవాత బురద చప్పుడు. ఒక కాలు పైకి లాగితే వచ్చే చప్పుడు... వెయ్యి కాళ్లవి. ఎవరూ తొందరపడటం లేదు. బరువైనవేవో ఎడమకి జరిగేయి. మధ్యలోకి వరసలు వచ్చి నిలబడ్డాయి. నాకు అర్థమైంది. ఏరు దాటడానికి సర్దుకుంటున్నారు.

"దారి తెలిసినవాడు ఉన్నాడా?"

గట్టిగా కూడా కాదు. మర్యాదగానే అడిగింది ఆ గొంతు.

"ఆయ్" అన్నాడు సత్యం.

నోరు మూద్దామని చెయ్యి చాచేను. కప్పు కింద పడింది. వాడి రబ్బరు బూట్లు గట్టు దిగుతున్నాయి.

"సత్యం... ఒరే, సత్యం..."

వినపడలేదు వాడికి. ఇంటికెళ్లి నాగదుర్గకి ఏం చెప్పను, నీ మొగుణ్ని సైన్యంలో వేసుకున్నారనా? వాడు ఏ గొంతుకి వెనక్కి తిరుగుతాడో నాకొక్కదానికే తెలుసు. నడుం నిటారుగా పెట్టి నిలబడ్డాను.

"ఆరో తరగతి, బి సెక్షన్. హాజరు. నంబరు ఒకటి."

బురద చప్పుడు ఆగింది.

"రెండు. మూడు."

వరసలన్నీ నావైపు చూస్తున్నట్టు తెలుస్తోంది. గొంతు తగ్గించలేదు.

"పదిహేడు, పెదబాబు."

అలవాటు కొద్దీ అనేశాను. పదకొండేళ్ల కిందట ఇలాంటి మంచులో వలకని వెళ్లేడు పెదబాబు. పడవ ఒక్కటే తిరిగొచ్చింది.

"ప్రెజెంట్, టీచర్."

వరసల మధ్యలోంచి... వాడి గొంతే.

హాజరు మధ్యలో ఆపడం నాకు రాదు. పద్దెనిమిది. పంతొమ్మిది. ఇరవై.

"ఇరవై ఒకటి, సత్యం."

...

"ఆయ్ అండీ."

"ఆయ్ ఏంటి, ప్రెజెంట్ అనాలని ఎన్నిసార్లు చెప్పేను? ఇలా రా."

వచ్చేడు. తలొంచుకుని, తొడల దాకా బురదతో. కాలరు పట్టుకుని గట్టు మీదకి లాగేను. నా మొహానికి జానెడు దూరంలో చల్లటి ఊపిరి తగిలింది.

"దారి తెలిసినవాడు..."

"దారి తెలిసినవాళ్లంతా నా క్లాసులో పిల్లలు. ఒక్కణ్నీ పంపను. నన్నడుగు. నాకూ తెలుసు. చెప్పను."

సత్యం కాలరు వదల్లేదు. ఏరియేటర్లు తిరిగేయి.

సత్యం చెవిలో చెప్పినట్టు అన్నాడు. "పెదబాబు నా పక్కనే నించున్నాడండీ. పదకొండేళ్లబట్టీ అడుగుతున్నారంటండీ. తెలీదనే చెప్తున్నాడంట."

వాడికి తెలీకపోవడమేమిటి? ఈ ఏట్లో ఆటు వేళ ఎక్కడ మోకాలి లోతు ఉంటుందో కళ్లు మూసుకుని చెప్పేవాడు.

ఎనిమిదిన్నరకి మంచు విడింది. ఏటి బురదలో నలుగురేసి వరసలుగా ఉత్తి కాళ్ల అడుగులు, అన్నీ అవతలి ఒడ్డుకేసి. ఒక్క జత మాత్రం వరస తప్పి, వెనక్కి తిరిగి, మా గట్టుకి పదడుగుల దూరంలో ఆగింది. సత్యానివి బూట్లు కదా. ఇవి ఉత్తి కాళ్లు.

మర్నాటినించీ రోజూ వెళ్తున్నాను. మంచున్నా లేకపోయినా హాజరు వేస్తున్నాను. పదిహేడో నంబరు గట్టెక్కేదాకా వేస్తాను. ఎవరు వద్దన్నా మానను.

పోటు ఎన్నిసార్లు వచ్చి పోయినా ఆ అడుగులు చెరగలేదు. నిన్న కొలిస్తే గట్టుకీ వాటికీ ఏడడుగుల దూరమే ఉంది. వాటి వెనక, నలుగురేసి వరసలు... అవి కూడా ఇటు తిరిగేయి.