గత్తరింట్లో పిలుపు

ఎల్లారెడ్డి బాటమీద ఉన్న ఆ ఊరికి పోయి గత్తరిల్లు ఎక్కడని అడిగితే ఎవరూ వేలు పెట్టి చూపించరు. గడ్డం అటు ఎగరేసి ఊరుకుంటారు. అంతే.

గత్తర, అదే కలరా, తగిలిన ఏడు ఆ ఇంట్లో పెద్దా చిన్నా అందరూ పోయారు. ఆఖరికి మిగిలిన ముసలామె రాములవ్వ. ఒక పొద్దుమూకేవేళ కోళ్లకు గింజలు చల్లుతూ చల్లుతూ వాకిట్లోనే ఒరిగిపోయిందట. అప్పటినుంచి, చీకటి పడితే చాలు... ఆ ఇంట్లోంచి ఒక ఆడగొంతు వినబడేదట. సన్నగా... పక్కనే ఉన్నవాళ్లతో గుసగుసలాడినట్టు...

"బో... బో... బో..."

కోళ్లను గూటికి పిలిచే పిలుపు! అది విన్న కోడి ఆగదని, పోయిన కోడి తిరిగి రాదని ఊరంతా నమ్మింది. ఊళ్లు చూడ్డానికి దౌరాకొచ్చే సర్కారు సాబుల కోసం ఇల్లిల్లూ దూరి కోళ్లు పట్టుకుపోయే ఊరి నౌకరు సుంకరి కూడా ఆ గోడ దాటి కాలు పెట్టేవాడు కాదు.

జర్మనీవాళ్ల లడాయి మళ్లీ మొదలైందట అని కామారెడ్డి టేషన్‌కు పోయొచ్చినవాళ్లు చెప్పుకుంటున్న రోజుల్లో... సాలవ్వ కోళ్లు పోవడం మొదలైంది.

సాలవ్వ పెరడు గత్తరింటి వెనకగోడకు ఆనుకునే ఉంటుంది. ముళ్లకంచెకు అవతల ఆమె తోడికోడలు గంగామణి పెరడు. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు పొలం, పశువులు చెరిసగం అయ్యాయి గానీ సాలవ్వ కోళ్లు మాత్రం సాలవ్వవే. తల్లి చచ్చిపోయేముందు ఒళ్లో పెట్టి పంపిన జాతి అది. పుట్టింటి నుంచి ఆమెకు దక్కింది ఆ కోళ్లొక్కటే.

మొదట పుంజు పోయింది. తర్వాత పెట్టలు ఒకదాని వెనక ఒకటి పోయాయి. తెల్లవారి చూస్తే గంప పక్కకు దొర్లి ఉండేది. ఈకలు వరసగా గత్తరింటి గోడదాకా పోయి... అక్కడ ఆగిపోయేవి. చివరికి గుడ్ల మీద పొదుగుతున్న ఆఖరి పెట్ట కూడా పోయింది. మధ్యాహ్నందాకా ఏడ్చి, సొమ్మసిల్లి పండుకుని లేచిన సాలవ్వ ఆ మూలకు పోయి చూస్తే — గుడ్లూ లేవు! పెంకు ముక్క లేదు, సొన చుక్క లేదు. పొదుగు గంపలో గడ్డి మాత్రం ఉంది.

"జంగపిల్లి పని," అన్నాడు ఆమె పెనిమిటి పర్శరాములు, చుట్ట ఆరిపోకుండా చూసుకుంటూ.

"పిల్లి గుడ్లను ఒళ్లె పెట్టుకొని పోతదా? ఒక్కటన్న పగలదా?"

"ఏమో మరి."

"పిల్లే అయితే... దాని కోళ్లనెందుకు తినది?"

దాని అంటే గంగామణి అని వేరే చెప్పాలా?

"గంగామణి పొద్దుమూకితె కోళ్లను ఇంట్లకు తోల్కుంటదే. నువ్వేమో అలికిన ఇల్లు ఖరాబైతదని బయట గంప కింద పెడ్తవు. గంతే ముచ్చట."

ఇంత సుళువైన మాట సాలవ్వ చెవికి ఎక్కలేదు. కడుపు మండుతున్నప్పుడు చెవులు మూసుకుపోతాయి కాబోలు. తన కోళ్లు పోయినందుకు ఆమె ఆ ఒక్క పూటే ఏడ్చింది. గంగామణి కోళ్లు పోనందుకు రోజూ ఏడ్చింది. కంచె అవతల పుంజు కూస్తే ఆమె గుండెల్లో కారం చల్లినట్టుండేది. గంగామణి గుడ్డు పులుసు పెడితే ఆ వాసనకు ఇక్కడ సాలవ్వకు ముద్ద దిగేది కాదు.

అలా కంచె సందుల్లోంచి చూపు పెట్టి పెట్టి ఒకనాడు ఆమె ఒక సంగతి కనిపెట్టింది. మసక చీకటి పడగానే గంగామణి కొంగు కింద ఏదో దాచుకుని బయటికి పోతోంది. అటూ ఇటూ చూసి... గత్తరింటి వైపు! వచ్చేటప్పుడు కొంగు కింద ఏమీ లేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

"ఏడికి వొయ్యినవే పిల్లా?" అని కంచె మీదుగా అడిగింది.

గంగామణి ఉలిక్కిపడింది. "ఏడికి లేదక్కా... గిట్లనే," అని తల దించుకుని లోపలికి పోయింది.

ఇంకేం కావాలి! సాలవ్వకు అంతా అర్థమైపోయింది. ఇది ఆ ముసలి దెయ్యానికి బువ్వ పెడుతోంది. 'మా అక్క కోళ్లు తిను, నా కోళ్ల జోలికి రాకు' అని ఒప్పందం చేసుకుంది!

ఆ రాత్రి వెన్నెల ఇంకా రాలేదు. పర్శరాములు గురక మొదలుపెట్టగానే సాలవ్వ లేచింది. గత్తరింటి ముందు ఆముదం చెట్ల నడుమ కూర్చుంది. లేచి పోదామనుకుంది. అప్పుడే —

"బో... బో... బో..."

లోపల్నుంచే! గోడకు అవతల, చెయ్యి చాస్తే అందేంత దగ్గర. పోచమ్మ తల్లిని తలుచుకుందామంటే సాలవ్వకు పేరు గుర్తుకు రాలేదు. తలుపు కిర్రుమంది... కొంచెం తెరుచుకుంది... సందులోంచి ఎర్రటి వెలుగు... వెలుగు వెనక ఒక ఆడమనిషి...

గంగామణి!

చేతిలో దీపం, ఇంకో చేతిలో ఖాళీ గిన్నె. తలుపు దగ్గరికి లాగి గొళ్లెం పెట్టింది. ఒకసారి కాదు, రెండుసార్లు గుంజి చూసుకుంది. చప్పుడు కాకుండా ఇంటికి పోయింది.

దెయ్యమైతే సాలవ్వ అక్కడే ప్రాణం విడిచేది. తోడికోడలయ్యేసరికి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. గొళ్లెం తీసి లోపలికి పోయింది. కటిక చీకటి. తడుముతూ పోతే చేతికి గంప తగిలింది. అంచు లేపి చెయ్యి పెడితే లోపల వెచ్చగా ఉంది... గుర్ర్... మంటూ ఒక ముక్కు ఆమె వేలిని పొడిచింది. దాని రెక్కల కింద కీచుకీచుమంటూ పసి గొంతులు, పుట్టెడు!

గంగామణి నల్లపెట్ట. ఈ మధ్య అది కంటపడనే లేదు. పిల్లలు కూడా దిగాయి.

"ఓహో..." అనుకుంది సాలవ్వ. "నా దొడ్డి ఖాళీ అయి నేను నెత్తిన దుమ్ము పోసుకుంటుంటే, నువ్వు దొంగతనంగ మంద పెంచుతున్నవా?"

గంప ఎత్తి పక్కన పెట్టింది. తలుపు బార్లా తీసి బయటికొచ్చింది.

నాలుగడుగులు వేసిందో లేదో — గోడ మీద రెండు కళ్లు! పచ్చగా, కదలకుండా... వెనక ఊగుతున్న పొడుగాటి తోక. అది దెయ్యం కాదని సాలవ్వకు తెలుసు. పెనిమిటి చెప్పిన మాట నిజమేనని కూడా ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఒక్క 'హుష్' అంటే చాలు, పారిపోయేది. కిందికి వంగి ఒక రాయి తీసినా చాలు.

వెనకటికొకామె తన మొగుడు పోయినా సరే, సవతి ముండమొయ్యాలని కోరుకుందట. సాలవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఇంటికి నడిచింది. వెనక నుంచి ఒకే ఒక్క అరుపు వినబడింది. చాపమీద వాలగానే, ఎన్నాళ్ల తర్వాతో, ఆమెకు కమ్మగా నిద్ర పట్టింది.

తెల్లారగట్ల గంగామణి ఏడుపుకు ఊరు లేచింది. గత్తరింటి గడపలో కూలబడి, ఒళ్లో నల్లటి ఈకలు, పసుపుపచ్చటి నూగు పెట్టుకుని ఏడుస్తోంది. లోపలి సంతోషం బయటపడకుండా మొహం ముడుచుకుని సాలవ్వ కూడా పోయింది. ఆమెను చూడగానే గంగామణి కాళ్లు చుట్టేసుకుంది.

"అక్కా! నీ పాపం గట్టుకున్న అక్కా!"

"ఏందే... ఏమైంది?"

"నీ కోడిని పిల్లి ఎత్కపోయిననాడు నువ్వు ఏడ్సి ఏడ్సి పండుకున్నవు. నేనొచ్చి చూస్తె గుడ్లు ఇంక సల్లబడలె. నీ అవ్వ ఇచ్చిన జాతి... దీపం ఆరిపోతదని, తీస్కవొయ్యి నా నల్లకోడి కింద పెట్టిన. ఇంట్లె పెడితె నీ కంట్ల బడ్తది. పొదుగు ముచ్చట పిల్లలు దిగెదాక సొంతదార్లకు గూడ చెప్పద్దంటరు గద, గుడ్లు మురుగుతయని... అందుకే భయం గియం అన్నీ ఇడిచి ఈడికి తెచ్చిన. నిన్ననే దిగినయక్కా, అన్నిటికన్ని; రాత్రిదాక ఈడనే కూసున్న. ఇయ్యాల పొద్దుగాల నీ ఒళ్లె పోద్దమనుకున్న..."

సాలవ్వ గడప పట్టుకుంది. నేల మీద, ఈకల నడుమ, ఒక చిన్న కాలు పడి ఉంది. ఆమె చూపు దాని మీదనుంచి కదలలేదు.

"గొళ్లెం పెట్టినవా?" అని ఎవరో అడిగారు.

"నా శేతుల్తోని పెట్టిన. గుంజి చూసిన. పిల్లి గొళ్లెం తీస్తదా? గంప లేపి పక్కకు పెడ్తదా?"

అందరూ ఒకడుగు వెనక్కి వేశారు. "రాములవ్వే..." అని ఒక ముసలామె గొణిగింది.

గంగామణి కన్నీళ్ల మొహం పైకెత్తి సాలవ్వ కళ్లలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా, గుసగుసగా అడిగింది —

"ఆ దయ్యానికి నీ మీదనే ఎందుకక్కా... గంత కండ్లమంట?"