గంపెడు ఎరువు

మధ్యాహ్నం రెండింటికి వీధిలో కుక్క కూడా లేదు. స్తుతి ఒక్కతే ప్లాస్టిక్ గంప నెత్తిన పెట్టుకుని కోళ్ల ఫారం నుంచి ఇంటికి వచ్చింది. గంప నిండా కోళ్ల ఎరువు. ఘాటుకు కళ్లు మండుతున్నాయి. ఇంత ఘాటుందంటే ఇంకెంత బలం ఉండాలి అని ఆమె లెక్క.

సెలవులు మొదలై ఇరవై రోజులైంది. ఆడుకునే మనుషులు సున్న. అమ్మ భాగ్య పొద్దున్నే శేరిగూడలో కాలేజీ హాస్టల్ వంటకు పోతే తిరిగొచ్చేది సాయంత్రం ఆరింటికి. పక్కింటి సాయిమా వాళ్లు మార్చిలో మీర్‌పేటకు మారిపోయారు. వాళ్ల తలుపుకు తాళం అట్లాగే ఉంది.

స్తుతి ఇంటి ముందు రెండు చాపలంత లాన్ ఉంది. కాలేజీ తోటలో పనిచేసే ఎదురింటి ఈదమ్మ అక్కడ మిగిలిన గడ్డి ముక్కలు సంచిలో తెచ్చిస్తే, స్తుతి, సాయిమా కలిసి నాటారు. సాయంత్రాలు దాని మీదే కూర్చుని హోంవర్క్ చేసేవారు. ఇప్పుడు ఎండకు గడ్డి పసుపు పట్టింది.

సాయిమాకు స్తుతి రోజూ పది, పదకొండు వాయిస్ మెసేజ్‌లు పంపేది. తిరిగి ఒకటి వస్తే గొప్ప. ఆ ఒక్కటి నిన్న వచ్చింది. “ఆదివారం వస్త. మన గడ్డి పచ్చగున్నదా?”

“మస్తు పచ్చగున్నది,” అని స్తుతి వెంటనే చెప్పేసింది. చెప్పాక గడ్డి వైపు చూసింది. ఎండిందని తెలిస్తే సాయిమా ఎందుకు వస్తుంది? ఇక్కడ ఇంకేముంది చూడటానికి?

ఆదివారానికి నాలుగు రోజులు. ఈదమ్మ చిన్న డబ్బాలో వానపాముల ఎరువు ఇచ్చింది కానీ, రెండు గుప్పిళ్లకు మించి వేయొద్దని, అదీ పొద్దు వంగినాకే వేయాలని చెప్పింది. రెండు గుప్పిళ్లతో కొంచెం పచ్చదనం వస్తే, గంపెడుతో గంపెడు రావాలి కదా. సాయంత్రం దాకా ఆగితే సగం రోజు నష్టం. స్తుతి మండుటెండలోనే గంప మొత్తం గడ్డి మీద బోర్లించి చేత్తో పరిచింది. పైన రెండు చెంబుల నీళ్లు చల్లింది.

గురువారం గడ్డి కొసలు గోధుమరంగుకు తిరిగాయి. శుక్రవారం పొద్దునకి లాన్ మొత్తం మాడిన రొట్టెలా ఉంది.

స్తుతి చాలాసేపు గడప మీద కూర్చుంది. తర్వాత ఫోన్ తీసి, ఆదివారం మేం ఊరికి పోతున్నాం, రావద్దు అని సాయిమాకు మెసేజ్ పెట్టింది. రెండు అబద్ధాలయ్యాయి. చేతికి మిగిలింది ఒక ఖాళీ ఆదివారం.

వాసన పట్టుకుని ఈదమ్మ వచ్చింది. గడ్డిని చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

“ఏమేసినవ్ బిడ్డా?”

“కోళ్ల ఎరువు. ఆర్గానికే కద పెద్దమ్మా.”

“మిరపకాయ గూడ ఆర్గానికే. గంపెడు తింటవా?”

స్తుతికి నవ్వు రాలేదు. ఈదమ్మ గొంతు తగ్గించింది. పచ్చి ఎరువులో వేడి ఉంటుందని, కుప్ప పోసి నెలల తరబడి మాగనిస్తే కానీ అది చల్లారదని, పైగా ఈ ఎండల్లో గడ్డికి తిండి కన్నా నీళ్లే ముఖ్యమని చెప్పింది. ఇద్దరూ చీపురుతో ఎరువంతా మెల్లగా ఊడ్చి, మూలన కుప్ప పోశారు. తర్వాత నేల తడిసేదాకా నీళ్లు పెట్టారు. ఈదమ్మ ఒక చోట గడ్డిని వేలితో ఎత్తి చూపింది. అడుగున వేరు తెల్లగా ఉంది.

“ఆకు కాలింది. వేరు బతికే ఉన్నది.”

“ఆదివారం దాంక పచ్చగైతదా?”

“కాదు. వానలు పడ్డంక చూడు. అప్పటిదాంక పొద్దుగాల నీళ్లు పొయ్యి, గంతే. ఎరువు ముట్టకు.”

స్తుతి వానపాముల ఎరువు డబ్బాకు గట్టిగా మూత పెట్టి అటక మీదికి ఎక్కించింది. తర్వాత ఫోన్ తీసుకుంది. మూడుసార్లు మొదలుపెట్టి ఆపేసింది. నాలుగోసారి మాట వచ్చింది.

“సాయిమా, మేం ఊరికి పోతలేం. పచ్చగున్నదని చెప్పింది గూడ అబద్ధమే. ఎరువు ఎక్కువేసి గడ్డిని కాల్చిన. చూడనీకి ఏం లేదు. వస్తే రా.”

ఒక్క మెసేజే పంపింది. జవాబు వచ్చిందా అని మాటిమాటికీ చూడకుండా ఫోన్‌ను బియ్యం డబ్బా మీద పెట్టేసింది.

ఆదివారం పదకొండింటికి సాయిమా వాళ్ల నాన్నతో వచ్చింది. మాడిన లాన్ ముందు వంగి, తడి నేలను తాకి చూసింది.

“రోజూ నువ్వొక్కదానివే నీళ్లు పోస్తున్నవా?”

“అవ్.”

ఇద్దరూ గడ్డి పక్కన నీడలో చాప వేసుకుని కూర్చున్నారు. సాయంత్రం నాలుగింటి బస్సుకు సాయిమా వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున అమ్మ పనికి పోయాక వీధి మళ్లీ ఖాళీ అయింది. స్తుతి సగం బకెట్ నీళ్లు మోసుకొచ్చి, చెంబుతో నిదానంగా లాన్ అంతా తడిపింది. వంగి పచ్చటి మొలక కోసం వెతికింది. ఫోన్ తీసి సాయిమాకు ఆ రోజుకు ఒకే ఒక్క మెసేజ్ పంపింది.

“ఇయ్యాల గూడ పచ్చగ గాలే.”