నలభై కణాలు

ఉదయం తొమ్మిది నలభై. మైక్రోస్కోపు మెకానిక్ వేషంలో ల్యాబ్‌లోకి అడుగుపెట్టిన ఏజెంట్ ఎలెవెన్‌కి అరచేతులు చెమట పట్టాయి. తుపాకీకి బెదరడు గానీ, లెక్కలంటే మనవాడికి చిన్నప్పటినుంచీ హడల్.

పది గంటలకు పక్క బిల్డింగులో చీఫ్ మెదడుకి రేడియేషన్. చీఫ్ అతనికి స్వయానా పెదనాన్న, తండ్రి పోయాక పెంచిన మనిషి. గడ్డలోంచి తీసిన క్యాన్సర్ కణాలను రెండు రోజులు ఫిల్మ్ తీశారు. వాటి నడకను బట్టి అవి ఇకమీదట ఎటు పాకుతాయో ఈ ల్యాబ్‌లోని మ్యాథమెటికల్ మోడల్ లెక్కగట్టి మ్యాప్ ఇస్తుంది. మెషీన్ గురి అక్కడికే. విదేశీ ముఠా దొంగ ఫిల్మ్ ఒకటి చొప్పించిందని పొద్దున్నే కబురందింది. గురి తప్పితే చీఫ్ బతకడు.

ట్రీట్‌మెంట్ ఆపితే ముఠా జారుకుంటుందని ఆయన ఆపనివ్వలేదు. “పదిలోపు పట్టుకుంటావులేరా,” అన్నాడు తాపీగా.

ముత్యాల దుద్దులు, ఖరీదైన సెంటు. కోడ్ వర్డ్ చెప్పి ఎదురొచ్చిన సైంటిస్టు పేరు ఫైళ్లలో ‘నెమలి’. ముఠాలో ఉంటూ మన కోసం పనిచేస్తున్నానని రెండేళ్లుగా చెబుతోంది. సర్వర్‌లో దొరికిన రెండు ఫిల్ములూ తెరమీద పెట్టి, ‘ఎ’ అసలుదనీ, మోడల్‌కి అదే ఇచ్చాననీ చెప్పింది.

సమీకరణాలు చూస్తే కళ్లు తిరిగాయి. వాటిని వదిలేసి, దిక్కుతోచక చుక్కలు లెక్కపెట్టాడు. ‘బి’లో నలభై కణాలు మొదలై, మధ్యమధ్య ఆగి, కొన్ని రెండుగా చీలి, అరవై మూడు తేలాయి. ‘ఎ’లో నడక చూడ్డానికి సహజంగానే ఉంది. మొదట నలభై. చివరా నలభై.

“రెండు రోజుల్లో ఒక్కటీ రెండుగా చీలలేదేం, మేడమ్?”

నెమలి హ్యాండ్‌బ్యాగులోంచి సిరంజి తీసింది. అతను తప్పుకున్నాడు గానీ, ఆ పెనుగులాటలో చేతి ట్రాన్స్‌మిటర్ ఊడి బల్లకిందికి దొర్లిపోయింది. ఆమెను స్టోర్‌రూములోకి నెట్టి గడియపెట్టి, బల్లకింద బోర్లా పడుకుని ట్రాన్స్‌మిటర్‌లో చెప్పాడు.

“ఎలెవెన్. మెషీన్ ఆపండి. మ్యాప్ దొంగది. అసలు ఫిల్మ్ ‘బి’.”

జవాబు లేదు. గోడగడియారం పది కొట్టింది. “ఆపండి!” అని మళ్లీ అరిచాడు.

“ఆపేశార్రా,” అంది అందులోంచి పెదనాన్న గొంతు. “మూడు సెకన్ల ముందు. ‘బి’తో మ్యాప్ మళ్లీ తీయించమన్నాను. గంటలో అసలు ట్రీట్‌మెంటట.”

“మంచిది, పెదనాన్నా.”

“మంచిదే. కానీ నాకు భయంగా ఉందిరా. నువ్వొచ్చి బయట కూర్చో.”

ఎలెవెన్ వెళ్లి కూర్చున్నాడు. రిపోర్టు ఒళ్లో పెట్టుకుని రాశాడు: మిషన్ సక్సెస్. ఎవరూ భయపడలేదు.