సిద్దిరాములు సర్టిఫికెట్టు

ఏడాదికొక్కసారి తొడిగే ఖాకీ చొక్కాను ఆ పొద్దున సిద్దిరాములు మళ్లీ బయటికి తీశాడు. పెద్దపల్లి స్టేషను దగ్గర నూనె శుద్ధి చేసే మిల్లులో నిజాం జమానాలో చేరి, ఇరవై ఏళ్లు బాయిలరు నడిపిన మనిషి. మూడేళ్ల కింద కళ్లకు శుక్లాలు వచ్చాక ఆ పని అల్లుడు కొండల్ చేస్తున్నాడు. మిల్లు గోడమీద, బాయిలరు నడపడానికి సర్కారిచ్చిన సర్టిఫికెట్టు మాత్రం ఇంకా మామ పేరు మీదే ఉంది. సర్కారు ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు ముసలాయన వెళ్లి బాయిలరు పక్కన నిలబడాలి. అందుకే మిల్లు సేఠు ఈ రెండు గదుల క్వార్టరు ఉంచాడు. సేఠు ఊరికే ఇచ్చే రకమా మరి!

రొట్టెలు కాలుస్తున్న కూతురు నర్మదకు వారం నుంచి కడుపు రగిలిపోతోంది. బాయిలరు గొట్టం జాయింటు ఊడి, ఆవిరి తగిలి కొండల్ ముంజేయి కాలింది. నిలదీస్తే అసలు సంగతి చెప్పాడు. ఆవిరి ఎక్కువైతే దానంతట అదే తెరుచుకోవాల్సిన వాల్వుకు, పని ఆగకుండా ఇనుప దిమ్మె వేలాడదీస్తారట. బాయిలరు పగిలితే పక్కనున్నవాడు మిగలడు. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు దిమ్మె తీస్తారు, ఆయన రైలెక్కగానే మళ్లీ కడతారు.

"గా దిమ్మె కట్టుడు ఎవలు నేర్పిన్రు బాపు?"

సిద్దిరాములు గుండీలు పెట్టుకోవడం ఆపాడు. "నేనే. ఇరవై ఏండ్లు గట్లనే నడిపిన. ఏమైంది?"

"నీకేం కాలే. రేపు గాయనకేమన్న అయితే నాకు దిక్కెవలు?"

ఆ మాట ఎత్తొద్దని, నౌకరీ, ఇల్లు రెండూ పోతాయని కొండల్ బతిమాలాడు. పోతే పోనీ, చెట్టు కింద వండుకుంటానంది నర్మద. మిల్లు సంగతి ఆడవాళ్లకెందుకని విసుక్కుని ముసలాయన అల్లుడి భుజం పట్టుకుని బయల్దేరాడు.

మిల్లులో ఇన్‌స్పెక్టరు వాల్వు చూశాడు, కాగితాలు చూశాడు. ఆవిరి మీటరు ముల్లు ఎంత చూపిస్తోందని సిద్దిరాములును అడిగాడు. వెనక నుంచి అల్లుడు చెప్పాలి, ఈయన పైకి అనాలి. ఏటా అదే తంతు. కొండల్ "ఎనభై" అని గొణిగాడు. ఆ గొంతు వణకడం ముసలాయనకు వినపడింది. కూతురి మాట గుండెలో గుచ్చుకుంది.

"నాకు కండ్లు కనవడుతలేవు సారు," అన్నాడు. "మూడేండ్లాయె. నడిపేది నా అల్లుడు. గా వాల్వుకు రోజూ దిమ్మె కడ్తరు. కట్టుడు నేర్పింది నేనే."

ఆ పూటే బాయిలరు ఆపించారు. సాయంత్రానికి సేఠు మనిషి వచ్చి, తెల్లారేసరికి గదులు ఖాళీ చెయ్యాలని చెప్పిపోయాడు.

సిద్దిరాములు గడప మీద కూలబడ్డాడు. "నీ నోటికాడి బుక్క నేనే గుంజిన, కొండల్. తిట్టాలనుంటే తిట్టు."

కొండల్ వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఎందుకు తిడ్త మామా? దినాం భయపడుకుంటనే పోయిన. ఇరవై ఏండ్లు చేసినోనివి, నాకు భయమైతుందని నీకెట్ల చెప్పాలె?" అని బావురుమన్నాడు.

ముసలాయన తడుముకుంటూ అల్లుడి కాలిన చేతిని దగ్గరికి తీసుకున్నాడు. "నాకు సుత భయమే ఉండె బిడ్డా. ఇరవై ఏండ్లు. ఎవ్వలకు చెప్పలే."

నర్మద ఏడుస్తూనే లోపలికి వెళ్లి సామాను మూట కట్టసాగింది.