వాన వెలిస్తే తలెత్తే పిల్ల

"మీరు మా పిల్లని రాయిని చేసేశారు!"

ఉరుములేని పిడుగులా వచ్చిపడింది బొమ్మలమ్మాయి. కంప్యూటర్లో ఆడుకునే కథలకి బొమ్మలు గీస్తుంది కనుక ఆఫీసంతా ఆమెనలాగే పిలుస్తారు. వాటిని కదిలించేది మన ప్రోగ్రామరు. పాపం, అప్పుడే కాఫీ కప్పు ఎత్తాడు.

"ఏ పిల్లనండీ?"

"కిటికీలో పిల్లని! ఇవాళ బిగుసుకుపోయి కూర్చుంది."

సంగతేమిటంటే, ఆమె గీసిన కథలో ఒక వాన వీధి ఉంది. మౌస్ ఎక్కడ నొక్కితే అక్కడ వాన కురుస్తుంది. చూడ్డానికి ముచ్చటే, కానీ నడక మాత్రం నత్తనడక. సాయంత్రం మేనేజరు చూసేసరికి సాఫీగా సాగకపోతే ఆ సీను తీసేస్తారు. అది పోతే ఆమె ముఖం ఎలా వాడిపోతుందో తలచుకుంటేనే అతని ప్రాణం ఉసూరుమనేది. ఆమె పక్కన నిలబడితే తన పేరే మరిచిపోయే మనిషి మరి.

అందుకే పొద్దుట్నుంచీ తంటాలు పడ్డాడు. ఇదివరకు చినుకు చినుక్కీ కంప్యూటర్ వీధంతా మళ్ళీ గీసేది. ఇప్పుడు ఇళ్ళు, దీపస్తంభం, కిటికీ, కిటికీలో అమ్మాయి, అన్నీ కదలనివే అనుకుని ఒక్కసారి గీసి పక్కన దాచిపెట్టాడు. చినుకు పడ్డచోటే కొత్తగా గీస్తుంది. వాన హాయిగా కురిసింది.

"తను కదలదని మీకెవరు చెప్పారు?"

"ఇన్నాళ్ళుగా చూస్తున్నానండీ. ఒక్కసారీ కదల్లేదు."

"ఎలా కదుల్తుంది? మీరు మౌస్ వదిల్తేగా! వాన వెలిస్తేనే తలెత్తుతుంది తను, నేనే అలా పెట్టాను. మీరు మార్చకముందు పాతది తెరవండి. చేతులు కట్టుకోండి."

బళ్ళో పిల్లాడిలా చేతులు కట్టుకున్నాడు.

చినుకులు పలచబడ్డాయి. తడి రోడ్డు మీద లేత వెలుగు పరుచుకుంది. కిటికీలో అమ్మాయి మెల్లగా తలెత్తి, వీధి చివర గొడుగు పట్టుకున్న మనిషిని చూసి, సిగ్గుగా నవ్వి, మళ్ళీ తల దించుకుంది.

ఆ గొడుగు మనిషిని అతనెప్పుడూ పట్టించుకోలేదు. ఇప్పుడు వంగి చూశాడు. చొక్కా చేయి ఒకటి మోచేతిదాకా మడిచి ఉంది, రెండోది మణికట్టు దాకా వేలాడుతోంది. అతను తన చొక్కా చేతులు చూసుకున్నాడు. అచ్చం అలాగే ఉన్నాయి.

గదిలో ఫ్యాను చప్పుడు కూడా ఎక్కడో దూరంగా కురుస్తున్న వానలా వినిపించింది.

"అది..."

"మీరే," అంది. కోపమంతా ఎటో పోయింది. "ఎప్పటికైనా చూస్తారని గీసి కూర్చున్నాను."

"మీరంటే నాకు చాలా ఇష్టమండీ," అనేశాడతను. "మొదటిరోజు నుంచీ. చెప్పే ధైర్యమే లేకపోయింది."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "ముందు మా పిల్లని కదిలించండి."

"అదెంతపని! వీధంతా అక్కర్లేదు. తను తలెత్తినప్పుడు తల చుట్టూ ఇంత చోటు మళ్ళీ గీస్తే చాలు."

సాయంత్రం మేనేజరు తనివితీరా వాన కురిపించుకుని, "ఇది ఉంచెయ్యండి," అని వెళ్ళిపోయాడు. అంతలో ఆమె ఫోన్ మోగింది.

"అమ్మ," అని సైగ చేసి ఎత్తింది.

అవతలి గొంతు అతనికీ వినిపించింది. "ఏమే, ఆ గొడుగబ్బాయి ఇవాళైనా చూశాడా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి.

"చూశాడమ్మా," అంది ఆమె, వేలాడుతున్న అతని చొక్కా రెండో చేయి నెమ్మదిగా మడుస్తూ.