రెండు కాఫీల కాపలా

"వద్దు. దీన్ని వాడేవాళ్ళు ఇంకా ఉన్నారు."

రెండు వేల ఆరు వందల లైన్ల పాత కోడ్ తీసేద్దామని, కారణాలన్నీ ఓపిగ్గా వివరిస్తూ ఆమె మెయిల్ రాస్తే వచ్చిన జవాబు అంతే. ఆమెకు ఒళ్ళు మండింది. కుర్చీ ముందుకు లాక్కుని టకటకా కొట్టింది. "ఎవరు వాడుతున్నారు? ఒక్కరిని చూపించండి చాలు."

ఐదు నిమిషాల్లో జవాబొచ్చింది.

"టెస్ట్ ల్యాబ్ వాళ్ళు. ప్రతి రిలీజ్‌కీ రిపోర్టు పంపుతారు. కావాలంటే వాళ్ళనే అడగండి."

ఆమె ఆ జవాబు రెండుసార్లు చదివింది. ఎందుకంటే ఆ టెస్ట్ ల్యాబ్‌లో కూర్చుని ఉన్నది ఆమే. రెండు బల్లలు, పదకొండు కంప్యూటర్లు, ఆమె. మరో పురుగు కూడా లేదు.

ఆఫీసులోనూ బయటా ఆమెను అందరూ కత్తెర అంటారు. ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ కెర్నెల్. అందులో పనికిరాని పాత కోడ్ ఎక్కడ మూలుగుతున్నా పట్టుకుని కత్తిరించడం ఆమె పని. కొత్త రిలీజ్ వచ్చినప్పుడల్లా టెస్ట్ చేయడం రెండో పని. ఈసారి కత్తెరకు చిక్కింది 'కాపలా' అనే టూల్. ఇంకా ఏమీ రాయని మెమరీని ఏ ప్రోగ్రామైనా పొరపాటున చదవబోతే అది పట్టుకుంటుంది.

పట్టుకుంటుంది, నిజమే. కాని వంటింట్లో ఎవరు ఏ డబ్బా మూత తీసినా లేచొచ్చి, కళ్ళజోడు వెతుక్కుని, లోపలికి తొంగి చూస్తే గాని వదలని పెద్దాయన తీరు దానిది. అది నడుస్తున్నంతసేపూ పని పంచుకునే ఎనిమిది కోర్లున్న కంప్యూటర్లో ఏడు నిద్రపోవలసిందే. అదే పనిని ఎన్నో రెట్లు వేగంగా చేసే కొత్త టూల్ వచ్చి ఐదేళ్ళయింది. పైగా కాపలా కోసం పెట్టిన మెలికలు ఇప్పుడు అందరి పనికీ అడ్డం పడుతున్నాయి.

మరి ఇన్నాళ్ళూ దాన్ని ఎందుకు టెస్ట్ చేసినట్టు? ల్యాబ్‌లో ఒక నియమం ఉంది. మెయింటెయినర్, అంటే చూసుకునే మనిషి ఉన్న ప్రతిదాన్నీ టెస్ట్ చేయాలి. కాపలాకు అలాంటి మనిషి ఒకడున్నాడు, ఇందాక 'వద్దు' అన్నవాడే. అది పాడైందని ఆమె ఈరోజు రిపోర్టు పంపితే రేపటికల్లా బాగుచేసేవాడు. ఇంత శ్రద్ధగా చూసుకుంటున్నాడంటే ఎవరో గట్టిగా వాడుతూనే ఉంటారని ఆమె మూడేళ్ళుగా అనుకుంటోంది. ఆ ఎవరో తనేనని ఇప్పుడు తెలిసింది.

ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. రిపోర్టులు ల్యాబ్ పేరుతో వెళ్తాయి, ఆమె పేరుతో కాదు. మొదటి ఏడాది ఒకసారి విసుగొచ్చి రిపోర్టు చివర రాసింది. "కంప్యూటర్ బూట్ అవడానికి పట్టిన సమయం: రెండు కాఫీలు." అతని జవాబు చివర ఇలా ఉంది: "మూడోది నా తరఫున." ఇక అప్పట్నుంచి ప్రతి రిపోర్టులోనూ ఆ లైను, ప్రతి జవాబులోనూ ఈ లైను. ఆ జవాబు కోసం ఆమె ఎదురుచూడటం ఎప్పుడు మొదలైందో ఆమెకే తెలీదు.

కాపలా పోతే ఆ మెయిల్స్ ఆగిపోతాయి. ఉంచితే తన పనికి తనే ద్రోహం చేసినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వచ్చే వారం కెర్నెల్ వాళ్ళ సదస్సులో ఇద్దరూ ఎలాగూ కలుస్తారు కాబట్టి, ముఖాముఖీ చెప్పేద్దామనుకుంది.

* * *

సదస్సు రోజు ఉదయం నుంచీ ఒకటే వాన. కారిడార్లో కాఫీ మెషీన్ దగ్గర, గొడుగు చంకలో పెట్టుకుని ఒకతను మీట నొక్కుతున్నాడు. అందరి బ్యాడ్జీల మీదా వాళ్ళు చూసుకునే విభాగం రాసి ఉంది. అతని బ్యాడ్జీ మీద 'కాపలా' అని ఉంది.

అతను ఆమె బ్యాడ్జీ చదివాడు. "తొలగింపులా? అయితే కత్తెర మీరేనన్నమాట."

"'వద్దు' మీరేనన్నమాట."

"ఒక్క మాటలో అయ్యేదానికి పది మాటలెందుకని."

"నేను నలభై లైన్లు రాశాను."

"చదివానండి. ఒక్క తప్పు కూడా దొరకలేదు. అందుకే కోపమొచ్చింది."

ఆమెకు నవ్వొచ్చింది గాని బిగబట్టుకుంది. "ఒక్క యూజర్ కోసం కెర్నెలంతా మెలికలు తిరగాలా?"

"ఆ ఒక్కరూ ఎలాంటివాళ్ళో మీకు తెలీదు."

"మీకు తెలుసా?"

"చూళ్ళేదు. అబ్బాయో అమ్మాయో, పాతికేళ్ళో అరవయ్యో తెలీదు. కాని కాఫీల్లో టైము కొలిచే మనిషండి. ఆ రిపోర్టు వచ్చిన రోజు నాకు పని పనిలా ఉండదు. అలాంటి మనిషిని మధ్యలో వదిలేస్తానా?"

ఆమె తేలు కుట్టిన దొంగలా మెషీన్ మీది మీటల పేర్లు చదవసాగింది.

అతను కప్పు ఆమెకు అందించి మరోసారి మీట నొక్కాడు. "ఇది రాసింది మా బాబాయండి. మా హాల్లో భోజనాల బల్ల మీదే కూర్చుని రాశాడు. రిటైరయ్యేటప్పుడు నా చేతిలో పెట్టి, వాడేవాళ్ళు ఒక్కరున్నా చూసుకోరా అన్నాడు. మాటిచ్చాను."

ఇక దాచడం ఆమె వల్ల కాలేదు. "ఆ ఒక్కరూ నేనే. ల్యాబ్‌లో ఉండేది నేనొక్కదాన్నే. మీరు చూసుకుంటున్నారని నేను టెస్ట్ చేశాను. నేను టెస్ట్ చేస్తున్నానని మీరు చూసుకున్నారు. దీన్ని ఇంకెవరూ వాడట్లేదండి."

అతను చేతిలోని కప్పు మెషీన్ మీద పెట్టేశాడు. "మూడేళ్ళుగా?"

"నాకూ పోయిన వారమే తెలిసింది."

"ఈ పది నిమిషాలూ తెలుసుగా. నేను వాగుతుంటే వింటూ నిలబడ్డారు."

అతను గొడుగు అక్కడే మర్చిపోయి వానలోకి నడిచాడు.

* * *

మధ్యాహ్నం సమావేశంలో కాపలా సంగతి తేల్చాలి. మెయింటెయినర్ ఒప్పుకోనిదే ఏ కోడూ తీసెయ్యరు. అది వాళ్ళ పద్ధతి. అంతవరకూ ఆమె ఖాళీ గదిలో ఒక్కతే కూర్చుని తను రాసిన ప్యాచ్, అంటే కోడ్‌లో చేయాల్సిన మార్పుల చిట్టా, మళ్ళీ చదువుకుంది. ఒక్క తప్పు కూడా లేదన్నాడు గాని, ఒకటుంది. కోడ్‌తో పాటు దాన్ని రాసిన మనిషి పేరు కూడా ఆమె తుడిచేసింది. ఆమెకు సిగ్గేసింది. ప్యాచ్ తెరిచి సరిచేసింది.

సమావేశం మొదలయ్యాక అతనొచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. తలంతా తడి. తెర మీద ప్యాచ్ రెండో కూర్పు కనిపించింది. తీసేసిన లైన్లు రెండు వేల ఆరు వందలు. కొత్తగా చేర్చింది ఒకటి.

"తీసేసే ప్యాచ్‌లో చేర్చడమేంటి?" అని ఎవరో అడిగారు.

"కెర్నెల్ కోసం పనిచేసినవాళ్ళ జాబితా ఉంది కదండీ," అందామె. "కాపలా రాసిన పెద్దాయన పేరు అందులో లేదు. కోడ్ పోవాలి. ఆయన పేరు పోకూడదు. నేను ముందే చూసుకోవలసింది."

అందరూ వెనక్కి తిరిగారు. అతను తెర మీద ఆ ఒక్క లైనే చదువుతున్నాడు. మళ్ళీ చదివాడు. తర్వాత లేచి నిలబడ్డాడు.

"నాకు సమ్మతమే. తీసేయండి."

* * *

సమావేశం ముగిశాక ఆమె అతని గొడుగు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంటే అతను ఫోన్ చేత్తో పట్టుకుని వచ్చాడు. "బాబాయి మీతో మాట్లాడాలంటున్నాడు."

ఆమె భయపడుతూనే అందుకుంది. "నమస్కారమండి. మీ టూల్..."

"పోయిందటగా. పీడా పోయింది," అన్నాడు బాబాయి తాపీగా. "కొత్తది వచ్చిన రోజే చెప్పానమ్మాయ్, ఇక దాన్ని తీసిపారెయ్యరా అని. రెండేళ్ళు నాన్చాడు. ఆ తర్వాత అసలు పేరెత్తనివ్వలేదు. ఎందుకురా అంటే, ఎవరో కాఫీల మనిషి ఉన్నారు బాబాయ్, వాళ్ళ మెయిల్స్ ఆగిపోతాయి అంటాడు. మీ పిన్నితో అప్పుడే అన్నాను, అది టూల్ మీద ప్రేమ కాదే అని. మీ పిన్ని అంటే వాడి పిన్నిలే. ఆదివారం ఇంటికి రా, నిన్ను చూడాలంటోంది."

ఆమె ఫోన్ తిరిగిచ్చింది. అతను చెవులదాకా ఎర్రబడ్డాడు.

"బాబాయికి మాటిచ్చానన్నారు?"

"ఇచ్చాను. ఆయన వెనక్కి తీసుకున్నాడు. నేనే తీసుకోలేదు."

"అయితే మీరు కూడా నాకు చెప్పకుండా దాచారు."

"దాచాను. మీకు పది నిమిషాలు, నాకు మూడేళ్ళు. కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదని వానలో తడిశాక అర్థమైంది." అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "మీరంటే నాకిష్టమండి. మీరెవరో తెలియకముందు నుంచీ."

ఆమె గొడుగు విప్పి అతని తల మీదికి కూడా పట్టింది. "నాకూనూ. కాని ఒక ఫిర్యాదుంది. మూడోది నా తరఫున అని పద్నాలుగు సార్లు రాశారు. ఒక్క కాఫీ కూడా రాలేదు."

తర్వాతి రిలీజ్‌ని టెస్ట్ చేసే రోజున ల్యాబ్‌లో రెండో బల్ల దగ్గర అతను కూర్చున్నాడు. ఆదివారాలు పిన్ని చేతి భోజనం ఇద్దరికీ అలవాటైపోయింది. ఆమె మీట నొక్కింది. ఎనిమిది కోర్లూ ఒక్కసారే మేలుకున్నాయి. కాఫీ మొదటి గుక్క మింగేలోపే కంప్యూటర్ లేచి కూర్చుంది.

టెస్ట్ అయిపోయింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు. మూడో కాఫీ ఇంకా మిగిలే ఉంది.