మూడో కంటైనరు

కరీంనగర్ బయట, రైలు పట్టాల పక్కనున్న గ్రానైటు యార్డు పేరు చెప్తే చీకటి పడ్డంక ఆటోవాళ్లు కూడా రారు. అక్కడ వరసగ ఆరు కంటైనర్లు నిలబడి ఉంటయి. అందుల మూడోది... రాత్రయితే లోపలి నుంచి కొడుతదట. ధన్ — ధన్ — అని.

పోయిన ఎండకాలం దాని ముందట్నే పర్శరాములు చచ్చిపోయిండు. క్రేన్ నడిపేటోడు. కట్టిన బండ జారి మీద పడ్డదన్నరు. తల సగం నుజ్జునుజ్జయింది. యాక్సిడెంటని రాసుకొని పోలీసులు పోయిండ్రు. ఆ తర్వాత ఇద్దరు వాచ్‌మన్లు నౌకరి ఇడిసిపెట్టిండ్రు.

మూడో వాచ్‌మన్‌గ వచ్చినోడు కైలాసం. పదకొండేండ్లు దుబాయి రేవుల కంటైనర్ల తలుపులు తీసి, మూసి, అరచేతులు కాయలు కాసిన మనిషి. సరుకు కొనేటోళ్లు లేక ఓడలు సగం ఖాళీగ తిరిగినంక, రేవుల పనోళ్లను గుంపులు గుంపులుగ ఇంటికి తోలిండ్రు. వాళ్లల్ల ఈయనొకడు. ఇక్కడికొస్తే ఇక్కడా అదే తీరు. చైనా ఆర్డర్లు బందైనయి. పాలిష్ పలకలు ఎక్కడియక్కడ్నే. రెండు క్రేన్లల్ల ఒక్కటే నడుస్తుంది — దాన్ని సదానందం నడుపుతుండు.

"దయ్యం లేదు, గియ్యం లేదు," అన్నడు కైలాసం, పరేషాన్ అయిన భార్య అనసూర్యతోని. "పగలంత కాలిన ఇనుము పొద్దూకంగనే చల్లబడుతది. చప్పుడు చేస్తది. దుబాయిల వేల డబ్బాలు గట్లనే మొత్తుకునేటియి."

నాలుగు నెలలు ఏం కాలే.

ఓ సాయంత్రం మేనేజరు ఫోన్ చేసిండు. "ఓడ దొరికింది కైలాసం. మళ్ల ఏడాది దాకా నమ్మకం లేదు, చైనోళ్లే చేతులెత్తేసిండ్రు. పొద్దుగాల పలకలెక్కించుకొని ఆరు డబ్బాలు పోర్టుకు పోతయి. తలుపులు తెరిచిపెట్టు, గాలి తగలనీ."

తెరిచిపెట్టిండు. గేటుకు తాళమేసి, గదిల కూసొని టిఫిను విప్పిండు.

ధన్.

నవ్వుకున్నడు.

ధన్... ధన్ ధన్ ధన్!

ముద్ద నోట్లనే ఆగింది. చల్లబడే ఇనుము గిట్ల కొట్టదు. గివి చేతులు...

టార్చి పట్టుకొని పోయిండు. ఐదు డబ్బాల తలుపులు బార్లా తెరిచే ఉన్నయి. మూడో దానియి మాత్రం — మూసి ఉన్నయి. బయటి కడ్డీలు పడి ఉన్నయి.

లోపలి నుంచి గుసగుస. "తియ్యి... ఊపిరాడ్తలే... తియ్యి..."

"ఎవరు?"

కడ్డీ లేపి, తిప్పి, తలుపు గుంజిండు —

చీకట్ల నుంచి గడ్డపార వచ్చి భుజం మీద పడ్డది. తన ఎముక విరిగిన చప్పుడు తనకే వినవడ్డది. టార్చి ఎగిరిపోయింది. కింద పడ్డ కైలాసం ఛాతి మీద మోకాలు పెట్టి, గడ్డపార లేపి ఎవడో ఒర్లుతుండు —

"మళ్ల వచ్చినవా పర్శరాములూ! ఒకసారి చంపిన గదరా! ఒకసారి చంపిన గదరా నిన్ను!"

సదానందం గొంతు!

రెండో దెబ్బ చెవిని చీరుకుంట నేలల దిగింది. నెత్తురు మెడ మీదికి కారుతుంది. "నేను కైలాసాన్నిరా!" అని మొత్తుకున్నడు. ఎవడింటడు? "ఒక్క క్రేనే నడుస్తదన్నరు... నిన్నే ఉంచుకుంటమన్నరు... నా పిల్లలేం తినాలెరా!" గడ్డపార మళ్ల లేచింది. కైలాసం చేతికందిన రాతిపొడి వాని కండ్లల్ల కొట్టిండు. వాడు తూలంగనే మోకాలి మీద ఒక్క తన్ను తన్నిండు. వాడు ఎనక్కి పోయి ఇనుప గడప మీద పడ్డడు. ఒంటిచేత్తోని మెడ ఒత్తిపట్టిండు కైలాసం... వాని ఒళ్లు మెత్తబడే దాకా ఇడువలే.

ఫోన్ చేస్తే పోలీసులొచ్చిండ్రు. నీళ్లు కొడితే తెలివికొచ్చి అంతా ఒప్పుకున్నడు సదానందం. పర్శరాములును గడ్డపారతోని కొట్టి చంపి, ఆ దెబ్బ కనవడకుంట పైనుంచి బండ జార్చిండట. గడ్డపారను మూడో కంటైనరు లోపలి నేల చెక్కల కింద దాచిండు. పొద్దుగాల డబ్బాలు పోతయని తెలిసి, దాన్ని తీసుకపోను గోడ దుంకిండు.

"మరి తలుపెవరు పెట్టిండ్రు? గాలికి పడ్డదా?" అన్నడు ఎస్సై.

కైలాసం తల అడ్డంగ ఊపిండు. "గాలికి కడ్డీ పడదు సార్. బయట మనిషి నిలబడి, లేపి, తిప్పి, కొక్కెంల కూసబెట్టాలె. యార్డుల నేనొక్కన్నే ఉన్న... నేను పెట్టలే."

సదానందం తలెత్తి మూడో డబ్బా దిక్కు చూసిండు.

"మనిషే పెట్టిండు సార్... నా పేరు పెట్టి పిలిచిండు. 'సదానందం, లోడైంది... ఇగ తలుపేస్తున్న' అన్నడు."

"మొఖం చూసినవా?"

"సగమే ఉండె సార్."